పొట్ట వదిలిన పందిరి

అనగనగనగా, గోదారి పాయ ఒకటి సముద్రానికి దగ్గరపడి, ఇంక తొందరేముందిలే అన్నట్టు వెడల్పుగా సాగిపోయే చోట, పొన్నరేవు అని ఒక ఊరు ఉండేది. ఊ కొట్టండి మరి. మీరు ఊ కొట్టినంతసేపే కథ నడుస్తుంది. ఊ ఆగితే కథ కూడా చతికిలబడి కూర్చుంటుంది.

ఆ ఊళ్ళో రాజున్నాడా అని అడగబోతున్నారు కదూ. లేడు. రాజు ఎక్కడో కోటలో ఉన్నాడు, ఈ కథలోకి రాడు. వచ్చినా పంటు ఎక్కాక అందరితోపాటు నిలబడాల్సిందే, కాబట్టి రాకపోవడమే ఆయనకి మర్యాద.

పంటు అంటే మీకు తెలీదు. రెండు పెద్ద పడవల్ని ఎడ్లజతలాగా పక్కపక్కన నిలబెట్టి, వాటి మీద అడ్డంగా దూలాలు వేసి బిగించి, ఆ దూలాల మీద పలకలు పరిస్తే అది పంటు. ఒంటి పడవైతే కాలు పెట్టగానే ఊగుతుంది. పంటు ఊగదు. ఎడ్లబండి ఉన్నపళంగా ఎక్కేస్తుంది, దాని పక్కన మేకలు, మేకల పక్కన మనుషులు. పొడవాటి గెడలు ఏటి అడుగుకి ఆనించి నెట్టుకుంటూ అవతలి రేవుకి తీసుకుపోతారు. అంత సేపూ నీళ్ళ మీద ఎండ పైనుంచి ఒకసారి కొడుతుంది, నీళ్ళలో పడి లేచి కిందనుంచి ఇంకోసారి కొడుతుంది. అందుకని పంటు మీద ఆరు గుంజలు పాతి, వాటి మీద గుడ్డ పందిరి కట్టేవాళ్ళు.

ఆ పంటు బుల్లియ్యది. బుల్లియ్య పంటు నడపకముందు తెరచాపలు కుట్టేవాడు. వాళ్ళ తాత తెరచాపలే కుట్టాడు, వాళ్ళ నాన్న తెరచాపలే కుట్టాడు. సముద్రం మీదికి వెళ్ళే పడవల వాళ్ళు పది ఊళ్ళు దాటి వచ్చి వాళ్ళ చేతే కుట్టించుకునేవాళ్ళు. బుల్లియ్య పెళ్ళాం చెల్లాయమ్మ. ఆవిడ నోరు పెద్దది, ఆవిడ గిన్నె అంతకంటే పెద్దది. తిడుతూనే పెట్టేది, పెడుతూనే తిట్టేది. వాళ్ళ కొడుకు నూకరాజు. మంచివాడు. మరీ మంచివాడు. గెడ పట్టుకోమంటే పట్టుకునేవాడు, వదలమనేదాకా వదిలేవాడు కాదు.

ఆ ఇంటికి మాఘమాసంలో కొత్త కోడలు వచ్చింది. పేరు అచ్చియ్యమ్మ. ఏటికి అవతలి గట్టున, కొంచెం ఎగువగా, మొగలిలంక అని ఉంది. ఆ పిల్లది ఆ ఊరు. తండ్రి లేడు. తల్లి గవరమ్మ ఒక్కతే. ఆ తల్లికి ఈ కూతురు, ఈ కూతురికి ఆ తల్లి, అంతే. మూడో మనిషి లేడు.

ఊ కొడుతున్నారా? సరే.

అచ్చియ్యమ్మ అత్తారింట్లో బాగానే ఉంది. తిండికి లోటు లేదు, మొగుడు పల్లెత్తు మాట అనడు. కాని కడుపు నిండినంత మాత్రాన బెంగ తీరదు. రోజూ పొద్దు వాలేసరికి సముద్రం మీంచి పైరగాలి లేస్తుంది. అది ఏటికి ఎదురెక్కి పైకి పోతుంది. పైకి పోవాలంటే మొగలిలంక మీదుగానే పోవాలి. అచ్చియ్యమ్మ నీళ్ళకి వెళ్ళి, బిందె ఒడ్డున పెట్టి, ఆ గాలికి కొంగు వదిలేసి నిలబడేది. ఈ గాలే ఇంకాసేపట్లో మా అమ్మ పెరట్లో ఆరేసిన చీరని కదుపుతుంది అనుకునేది. అనుకుని, ఇవాళ పులుసు బాగా కుదిరిందమ్మా అని గాలికి చెప్పేది. నడుం నొప్పి తగ్గిందా అని అడిగేది. గాలి ఆ మాటలు తీసుకుపోయేది. జవాబు మాత్రం తెచ్చేది కాదు. అది ఒక వైపే వీచే గాలి.

ఏం నీళ్ళే అవి, బావి తవ్వుకొస్తున్నావా అని గట్టు మీంచి చెల్లాయమ్మ కేకేసేది. అచ్చియ్యమ్మ బిందె ఎత్తుకుని వచ్చేది.

ఇంక ఆ పిల్లకి ఉన్న ఆశ ఒక్కటే. ఆషాఢమాసం. పెళ్ళైన తొలి ఆషాఢంలో అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు కదా. కోడల్ని పుట్టింటికి పంపేస్తారు. నెల పొడుగునా అమ్మ దగ్గరే. మాఘం నుంచి ఆ పిల్ల ఆషాఢం వైపే చూస్తోంది. ఫాల్గుణం వెళ్ళింది, చైత్రం వెళ్ళింది, వైశాఖం వెళ్ళింది, జ్యేష్ఠం వచ్చింది. ఇంకొక్క నెల.

అయితే ఆ రేవు వాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. కొత్త కోడలు తొలి ఏడాది ఏరు దాటితే ఆకాశం కింద దాటకూడదు. తల మీద పందిరి ఉండాలి. ఎందుకంటే ఎవరికీ తెలీదు. పెళ్ళిపందిరి కింద వచ్చిన పిల్ల పందిరి కిందే వెళ్ళాలని ఏ పెద్దావిడో అని ఉంటుంది. ఆవిడ పోయింది, మాట ఉండిపోయింది.

జ్యేష్ఠం సగంలో ఏమైందంటే, ఒక మధ్యాహ్నం ఈదురుగాలి కొట్టి, పంటుతోపాటే కొన్న పాత పందిరి ఈ చివర నుంచి ఆ చివరకి చిరిగిపోయింది. రేవు దెయ్యం చింపిందని ఊళ్ళో అన్నారు. దెయ్యానికి పందిరి గుడ్డ ఏం పని, పావడా కుట్టించుకుంటుందా అంది చెల్లాయమ్మ.

అచ్చియ్యమ్మ రేవుకి పరిగెత్తి చిరుగు చూసింది. పందిరి లేదంటే ప్రయాణం లేదు.

నూకరాజు గోనె పట్టా తెచ్చి చిరుగు మీద అతుకు వేశాడు. ఇంక చూడండి. గాలొచ్చింది, అతుకు ఊడింది. అతుకు ఊడింది, కుట్టు జారింది. కుట్టు జారింది, తాడు తెగింది. తాడు తెగింది, గుంజ వంగింది. గుంజ వంగింది, మేక బెదిరింది. మేక బెదిరి ఏట్లో దూకింది. మేక కోసం నూకరాజు దూకాడు. మేక ఈదుకుంటూ ఒడ్డుకొచ్చింది, నూకరాజు ఇంకా మేక కోసం వెతుకుతూనే ఉన్నాడు.

నవ్వింది చాలు. ఊ కొట్టండి.

ఇది అతుకులతో అయ్యే పని కాదు, కొత్త పందిరి కుట్టాలి అన్నాడు బుల్లియ్య. అని, పెట్టె తెరిచి ఎన్నో ఏళ్ళుగా ముట్టని దబ్బనం తీశాడు. ఆ దబ్బనం చూసేసరికి ముసలాయన నడుం నిటారైంది. సంత నుంచి ముతక గుడ్డ తెప్పించాడు. తుమ్మచెక్క మరగబెట్టి, ఆ కషాయంలో గుడ్డ నానేసి, నీడన ఆరేశాడు. అలా చేస్తే నీళ్ళకి చీకిపోదు. తరవాత గుడ్డని పొడవాటి పట్టీలుగా, అంటే బద్దలుగా కోసి, బద్దకీ బద్దకీ కలిపి కుట్టడం మొదలుపెట్టాడు. ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. నోట్లో దారం, చేతిలో దబ్బనం, పొద్దున కూర్చుంటే పొద్దుగుంకేదాకా లేవడు. చీమల బారులాంటి కుట్టు. పన్నెండు రోజులు కుట్టాడు.

ఆ పన్నెండు రోజులూ అచ్చియ్యమ్మ అటు పోతూ ఒక బద్ద అయిందా అని చూసేది, ఇటు వస్తూ రెండో బద్ద అయిందా అని చూసేది. ఆ పిల్లకి అది గుడ్డలా కనిపించలేదు. అమ్మ దాకా పరుచుకుంటూ పోతున్న దారిలా కనిపించింది.

అమావాస్యకి ముందురోజు పని ముగిసింది. రేపు మధ్యాహ్నం దాకా వర్జ్యం ఉంది, అది దాటాక కోడల్ని పంపుదాం, ఎల్లుండి ఆషాఢం వచ్చేస్తుంది అని పెద్దవాళ్ళు అనుకున్నారు. గుడ్డని ఇసకలో పరిచి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టారు. ఊరంతా వచ్చి చూసింది. ఏం కుట్టు, ఏం కుట్టు అని మెచ్చుకుంది. బుల్లియ్య మీసం సవరించుకున్నాడు.

అందరూ వెళ్ళాక అచ్చియ్యమ్మ రాళ్ళు తీసి గుడ్డ మడతపెట్టడానికి వంగింది. వంగి ఆగిపోయింది.

గుడ్డ మూలలు నేలకి ఆనాయి, అంచులు ఆనాయి. నడిమి భాగం మాత్రం ఆనలేదు. కొంచెం గాలికే ఈనబోయే ఆవు కడుపులాగా పైకి లేచి ఉంది. అరచేత్తో అదిమితే ఇక్కడ దిగి అక్కడ లేచింది. ఆ పిల్ల బద్దల అంచులు పట్టి చూసింది. ఒక్కటీ సూటిగా లేదు. అన్నీ నెలవంకలాగా కొంచెం వంపు తిరిగి ఉన్నాయి.

సంగతేమిటో అర్థమైందా? తెరచాప కుట్టేటప్పుడు బద్దలకి కావాలని వంపు పెడతారు. అలా పెడితే నడిమి భాగం వదులై గాలికి బుంగలా ఉబ్బుతుంది. దాన్ని పొట్ట వదలడం అంటారు. పొట్ట లేని తెరచాప పడవని లాగలేదు. బుల్లియ్యకి చేతనైంది అదే. పందిరి కుడుతున్నానని మనసు అనుకుంది గాని, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. తెరచాప పని గాలిని పట్టడం. పందిరి పని గాలిని పోనివ్వడం. ముసలాయన పన్నెండు రోజులు కూర్చుని, పంటు నెత్తిన పెద్ద తెరచాప కుట్టిపెట్టాడు.

ఇది ఆ ఊళ్ళో ఒక్కరికీ తెలీలేదు, ఎందుకంటే పుట్టినప్పట్నుంచీ ఆ ఇసకలో పరవగా వాళ్ళు చూసిన గుడ్డలన్నీ పొట్ట ఉన్న గుడ్డలే. బయటనుంచి వచ్చిన పిల్ల కాబట్టి అచ్చియ్యమ్మకి తెలిసింది.

చెప్పాలి. చెప్తే ఏమవుతుంది? కుట్టంతా విప్పాలి. బద్దలన్నీ మళ్ళీ కొయ్యాలి. ఎల్లుండి ఆషాఢం. ఇంక అమ్మ దగ్గరికి ఎప్పుడు? ఆ పిల్ల ఏటి అవతలికి చూసింది. నీలంగా, సన్నగా, కాటుక గీతలాగా ఉంది గట్టు. రేపు ఈ వేళకి అక్కడుంటాను అనుకుంది. అయినా నేను మామగారితో మాట్లాడకూడదు కదా అనుకుంది. ఆ రోజుల్లో కోడలు మామగారి ఎదురుగా నిలబడి మాట్లాడేది కాదులెండి. అయినా గాలి రేపు ఎక్కువ రాకపోవచ్చు అనుకుంది.

గుడ్డ మడతపెట్టి, తీసుకెళ్ళి ఇచ్చేసింది. నోరు తెరవలేదు.

ఇక్కడ నేను ఆ పిల్లని వెనకేసుకురాను. బెంగ పెద్దదే. కాని ఆ పందిరి కింద ఎక్కేది తనొక్కతే కాదు.

మర్నాడు వర్జ్యం దాటాక పంటు బయల్దేరింది. కొత్త పందిరి కింద ఒక ఎడ్లబండి, బండివాడు, చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకున్న కుమ్మరి ఇల్లాలు, చలిమిడి బుట్టతో అచ్చియ్యమ్మ. అటో గెడ ఇటో గెడ నూకరాజూ, వాళ్ళ పాలేరూ. చెల్లాయమ్మ ఒడ్డున నిలబడి, మీ అమ్మ పెట్టింది పెట్టినట్టు తినకు, లావెక్కితే నా పంటు మునుగుతుంది అంది. అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఏట్లోకి కొంచెం దూరం పోయారో లేదో పైరగాలి లేచింది. ముందు పందిరి చిన్నగా ఊపిరి తీసింది. తరవాత పెద్ద ఊపిరి తీసింది. తరవాత ఉబ్బింది, ఉబ్బి బిగుసుకుంది. నూకరాజు గెడ ఆనించి నెడుతున్నాడు అవతలి రేవుకి, పంటు పోతోంది ఎగువకి. ఎంత నెట్టినా ఎగువకే. నీటి మీద జర్రున జారిపోతోంది.

ఎగువంటే మొగలిలంక వైపు. ఒక్క క్షణం, దాచకుండా చెప్తున్నాను, ఒకే ఒక్క క్షణం అచ్చియ్యమ్మకి సంతోషం వేసింది. రోజూ తన మాటలు మోసుకుపోయిన గాలి ఇవాళ తననే మోసుకుపోతోంది. పోనీ, ఇలాగే పోనీ అనుకుంది.

ఆ క్షణంలోనే పంటు ఒక పక్కకి ఒరిగింది. ఎడ్లు జారాయి, ఒకటి మోకాళ్ళ మీద పడింది. బండి చక్రం కదిలి అంచు వైపు దొర్లింది. కుమ్మరి ఇల్లాలు చంటిపిల్లని పొట్టకి అదుముకుని చక్రానికీ నీళ్ళకీ మధ్య ఇరుక్కుంది. పాలేరు చేతిలో గెడ ఫట్టున విరిగింది. వదలమని ఎవరూ చెప్పలేదు కాబట్టి నూకరాజు తన గెడని పట్టుకునే వేలాడుతున్నాడు.

అచ్చియ్యమ్మ చలిమిడి బుట్ట వదిలేసి లేచింది. తాళ్ళు కొయ్యడానికి గుంజకి గుచ్చి ఉంచే కత్తి పెరికింది. గాలి వైపు మూల తాడు కోసింది. రెండో మూల కోసింది. గుడ్డ చెంపదెబ్బలు కొట్టినట్టు కొట్టుకుంది. మూడోది కోసింది. మిగిలినవి వాటంతట అవే తెగాయి. పన్నెండు రోజుల కుట్టు పక్షిలాగా లేచి, కొంత దూరం ఎగిరి, ఏట్లో పడింది.

పంటు చదునైంది. చక్రం ఆగింది. చంటిది కెవ్వుమని ఏడ్చింది, అంటే బతికే ఉందన్నమాట.

మిగిలింది ఒక్క గెడ. దగ్గరున్నది బయల్దేరిన ఒడ్డే. నూకరాజు పంటుని వెనక్కి తిప్పాడు. అచ్చియ్యమ్మ ఉత్త గుంజల మధ్య నిలబడి, తల మీద అంత ఆకాశం పెట్టుకుని, దూరమవుతున్న గట్టుని చూస్తూ వెనక్కి వచ్చింది.

ఊ కొడుతున్నారా, పడుకున్నారా? పడుకోకండి. అసలు సంగతి ఇప్పుడే.

ఒడ్డున అందరూ ఆ పిల్లని మెచ్చుకున్నారు. ఎంత తెగువ, ఎంత బుద్ధి అన్నారు. ఇంత గాలి ఎన్నడూ ఎరగం, తప్పంతా గాలిదే అన్నారు. నూకరాజు ఈదుకెళ్ళి రెల్లులో చిక్కుకున్న గుడ్డని లాక్కొచ్చాడు. వచ్చి, మెల్లగా, రేపు నీ కొంగే పందిరనుకుని దాటించేస్తాను, మా అమ్మకి చెప్పకు అన్నాడు. అన్నానుగా, మంచివాడు.

వద్దు అంది అచ్చియ్యమ్మ. ఆ పందిరి పోయింది గాలివల్ల కాదు. అది తిరిగి కట్టేదాకా నేను ఏరు దాటను అంది.

బుల్లియ్య తడి గుడ్డ ముందు పెట్టుకుని ఇంటి కంచె బయట ఒక్కడే కూర్చున్నాడు. తన కుట్టుకి ఏమైందో ఆయనకి ఇంకా తెలీలేదు. వంగిపోయిన పాత గుంజ ఒకటి అక్కడ పాతి ఉంది. అచ్చియ్యమ్మ వెళ్ళి ఆ గుంజ వెనకాల నిలబడి, తల మీద కొంగు లాక్కుని, గుంజతో చెప్పినట్టు చెప్పింది.

"గుంజా, నిన్న ఇసకలో పరిచినప్పుడు గుడ్డ నడిమి భాగం నేలకి ఆనలేదు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను."

బుల్లియ్య తడి గుడ్డ మీంచి తలెత్తాడు. తరవాత ఆయనా గుంజ వైపే తిరిగాడు.

"గుంజా, ఆ పిల్లని అడుగు. నిన్న చూసింది నిన్న ఎందుకు చెప్పలేదో."

"చెప్తే విప్పి కుడతారు, నా ప్రయాణం ఆగిపోతుంది."

"మామతో మాట్లాడకూడదని కాదా?"

"అదీ అనుకున్నాను గుంజా. కాని అది సాకు. నిన్న కూడా నువ్వు ఇక్కడే ఉన్నావు."

కంచె అవతలనుంచి చెల్లాయమ్మ గొంతు వినిపించింది. "మాట్లాడుకోండి, మాట్లాడుకోండి. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నాతో ఇన్ని మాటలు ఆడలేదు ఈ మనిషి. నేనూ గుంజనై పుట్టాల్సింది."

బుల్లియ్య ఆ మాట పట్టించుకోలేదు. తడి గుడ్డ ఎత్తి, బద్ద అంచు మీద వేలు పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకి తడిమి చూసుకున్నాడు. వంపు చేతికి తగిలింది.

"గుంజా, నాకు పొట్ట వదలకుండా కుట్టడం రాదు," అన్నాడు. "మా తాత చెయ్యి, మా నాన్న చెయ్యి, నా చెయ్యి, అన్నీ గాలిని పట్టే చేతులే."

పెద్ద మనిషి అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆ పిల్ల తన తప్పు ముందు చెప్పింది కాబట్టే ఆయనకి అంత మాట నోట వచ్చింది.

"గుంజా, మా లంకలో ఇళ్ళు తాటాకుతో కప్పుతారు," అంది అచ్చియ్యమ్మ. "ఒక ఆకు మీద ఇంకో ఆకు వాల్చి కడతారు. వాన మీదనుంచి జారిపోతుంది, గాలి సందుల్లోంచి దూరిపోతుంది. గుడ్డని కూడా ఒకటే ముక్కగా కాక మూడు ముక్కలుగా కుట్టి, ఒకదాని మీద ఒకటి జానెడు వాల్చి కడితే గాలి పట్టుబడదేమో."

"సూటిగా కొయ్యడం ఎవరు చూస్తారు?"

"నేను పట్టుకుంటాను. మీరు కుట్టండి."

చూశారా, చివరి మాటకి గుంజని మర్చిపోయింది. ముసలాయన కూడా గుర్తుచెయ్యలేదు.

మర్నాడు ఆషాఢం వచ్చింది. అచ్చియ్యమ్మ గడప దాటి బయటకి వచ్చేసింది కాబట్టి తిరిగి అత్తారింట్లోకి పోకూడదు. పుట్టింటికి పోలేదు. అటూ కాదు, ఇటూ కాదు. పక్కింటి పెద్దమ్మ అరుగు మీద ఉంది. చెల్లాయమ్మ పూట పూటకీ అన్నం తెచ్చి, మొహం అటు తిప్పుకుని, కంచె మీదుగా అందించేది. గడప దాటకూడదన్నారు గాని కంచె మీద చెయ్యి పెట్టకూడదని ఎవరూ అనలేదు, తిను, నిన్నటికంటే చిక్కావు అనేది. మొహం అటు తిప్పుకుని ఉంటే చిక్కింది ఎలా కనిపించిందో మరి.

కుట్టు విప్పడం మొదలుపెట్టారు. చీమల బారులాంటి కుట్టు విప్పడం కుట్టడం కంటే కష్టం. ప్రతి బద్దనీ ఇసకలో పరిచి, అచ్చియ్యమ్మ తాడు లాగి పట్టుకుంటే, ఆ తాడు వెంబడి బుల్లియ్య కోశాడు. వంపు తీసేసరికి గుడ్డ తక్కువైంది. పాత పందిరిలో చిరగని ముక్కలు ఏరి అంచులకి వేశారు. బుల్లియ్య చెయ్యి మధ్యమధ్యలో అలవాటుగా వంపు తిరగబోయేది. అచ్చియ్యమ్మ గుడ్డని నెమ్మదిగా లాగేది. చెయ్యి మళ్ళీ సూటికి వచ్చేది. ఒక బద్ద విప్పడం, ఒక బద్ద కుట్టడం, ఒక బద్ద విప్పడం, ఒక బద్ద కుట్టడం. ఆ పిల్ల బొటనవేలికి దబ్బనం పోట్లు పడి పడి చర్మం మొద్దుబారింది. సాయంకాలం గాలి లేచినప్పుడు మాత్రం ఒక్కసారి తలెత్తి అవతలి గట్టు చూసేది. అమ్మ ఏమనుకుంటోందో. కబురు పంపుదామంటే, ఆలస్యమవుతుందని చెప్పగలరు గాని ఎందుకో ఎవరు చెప్తారు? అది తనే చెప్పాలి. తల దించుకుని మళ్ళీ గుడ్డ పట్టుకునేది.

పున్నమికి పందిరి అయింది. ఇంక వెళ్ళచ్చు అనుకునేసరికి ఎర్రనీరు వచ్చింది. పైన ఎక్కడో కొండల్లో వానలు పడి ఏరు మట్టిరంగుకి తిరిగింది. పంటు కట్టేశారు. రోజు మీద రోజు గడిచింది. అచ్చియ్యమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. ఒడ్డున పుల్ల పాతి, నీళ్ళు పుల్ల దిగాయా లేదా అని చూసుకునేది.

నీళ్ళు దిగేసరికి ఆషాఢంలో ఇంక అయిదు రోజులే మిగిలాయి.

అయిదు రోజుల కోసం ఎందుకులే, శ్రావణంలో నోములకి పంపుదాం అంది పక్కింటి పెద్దమ్మ. చెల్లాయమ్మ కంచె అవతలనుంచి, నీకు కూతుళ్ళు లేరు కాబట్టి అలా అంటున్నావు అంది. పంటు సిద్ధం చెయ్యమంది.

ఈసారి కావాలనే గాలి వేళ చూసి బయల్దేరారు. బుల్లియ్య కూడా ఎక్కి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. పైరగాలి లేచింది. పందిరి ముక్కలు ఒకదాని మీద ఒకటి చిన్నగా లేచాయి, గాలి వాటి మధ్యనుంచి దూరిపోయింది, ముక్కలు మళ్ళీ వాలాయి. కోడిపెట్ట రెక్కలు సర్దుకున్నట్టు సర్దుకున్నాయి. పంటు నూకరాజు నెట్టిన వైపే వెళ్ళింది. ముసలాయన పైకి చూస్తూనే ఉన్నాడు. మీసం కూడా సవరించుకోలేదు.

అవతలి రేవు దగ్గరపడింది. రేవులో ఎండలో ఒక మనిషి నిలబడి ఉంది. అచ్చియ్యమ్మ ఆ నిలబడిన తీరు చూసే గుర్తుపట్టింది. గవరమ్మ. ఆషాఢం ముందు అమావాస్య నాటి నుంచి ఆ తల్లి రోజూ మధ్యాహ్నం లంక నుంచి నడిచి ఆ రేవుకి వస్తోంది. పొద్దుగుంకేదాకా నిలబడి వెళ్ళిపోతోంది.

పంటు ఆగింది. అచ్చియ్యమ్మ దిగింది. గవరమ్మ కౌగిలించుకోలేదు. కూతురి చెయ్యి తీసుకుని, బొటనవేలు తడిమి చూసి, ఇదేమిటే అంది.

పందిరి కుట్టానమ్మా అంది కూతురు.

పందిరి మాట వినేసరికి గవరమ్మకి ఆ రోజు గుర్తొచ్చింది. "అమావాస్య నాడు నేను ఇక్కడే ఉన్నాను," అంది. "నీకోసం చూస్తుంటే అవతల ఏట్లో పంటు ఎగువకి కొట్టుకుపోయి ఒరిగింది. ఎవరో ఆడపిల్ల లేచి పందిరి కోసేసింది. ఇంత దూరంలో మొహం తెలీలేదు. పంటు వెనక్కి వెళ్ళిపోయింది. ఎవరి కూతురో గాని ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి అనుకున్నానే. ఇన్నాళ్ళూ ఆ పిల్ల గురించే అనుకుంటున్నాను."

"నేనేనమ్మా," అంది అచ్చియ్యమ్మ.

గవరమ్మ కళ్ళు వెలిగాయి. ఆరు నెలల తరవాత తల్లి మొహంలో ఆ వెలుగు. అంతటితో ఆపేస్తే సరిపోతుంది. మిగిలింది చెప్పకపోతే ఎవరు అడుగుతారు? బుల్లియ్య ఎన్నడూ అనడు. పంటు కూడా అప్పుడే తిరుగుముఖం పట్టింది.

అచ్చియ్యమ్మ చెప్పింది. ముందురోజే చూశానమ్మా, గుడ్డ తప్పుగా ఉందని తెలుసు, నీ దగ్గరికి రావడం ఆగిపోతుందని నోరు మూసుకున్నాను, ఒక చంటిపిల్ల నీళ్ళలో పోయేది అంది. ఒక్క మాట మిగల్చకుండా చెప్పింది.

గవరమ్మ మొహంలో వెలుగు తగ్గింది. ఆరిపోలేదు, తగ్గింది. కూతురి చెయ్యి మాత్రం వదల్లేదు. ఇద్దరూ గట్టు మీద కొంత దూరం నడిచారు.

"నాకోసం ఇంకెప్పుడూ అలా నోరు మూసుకోకు," అంది తల్లి చివరికి. "ఆలస్యమైతే ఎదురుచూస్తాను. ఎదురుచూడ్డం నాకు చేతనవును."

ఆ అయిదు రోజులూ తల్లీ కూతుళ్ళు ఒకే చాప మీద పడుకున్నారు, ఒకే కంచంలో తిన్నారు. తరవాత శ్రావణం వచ్చింది, కోడలు పందిరి కింద అత్తారింటికి వెళ్ళింది. చెల్లాయమ్మ గడపలోనే ఎదురొచ్చి, లావెక్కలేదు, మీ అమ్మ ఏం పెట్టింది నీకు అని తిట్టి, కూర్చోబెట్టి పెట్టింది. బుల్లియ్య ఇంక కోడలితో సూటిగానే మాట్లాడేవాడు. అందరూ సుఖంగా ఉన్నారు.

చూసింది చూసినప్పుడే చెప్పాలి, పిల్లలూ. మనకి నష్టమొచ్చే మాటైతే ఇంకా ముందు చెప్పాలి. రేపు పొద్దున పాలగిన్నె ఎవరు ఒలకబోశారని అడుగుతాను, అప్పుడు చూస్తాను మీరు ఎంత ఊ కొట్టారో.

కథ కంచి దారి పట్టింది. మీరు దుప్పటి దారి పట్టండి.